ఒకే బస్సులో వెళ్లారు, వేర్వేరు బస్సుల్లో వచ్చారు

ప్రశ్న: వందనాలక్కా. మాది గుంటూరు జిల్లా. పెళ్లయి బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది, రామమూర్తి నగర్‌లో ఉంటాం. మా తెలుగు సంఘంలో స్త్రీల సమాజం పనులు నేనే చూస్తాను. నా ఓటు ఇక్కడే. మావారు, మా తమ్ముడు మాత్రం ఊళ్లో ఓటు వదులుకోలేదు. 2024 మేలో ఆంధ్రా ఎన్నికలకు ఇద్దరూ కె.ఆర్.పురంలో ఒకే బస్సెక్కి వెళ్లారు. మావారు టీడీపీ, జనసేన, బీజేపీల కూటమికి వేశారు, తమ్ముడు జగన్ గారి వైసీపీ ఫ్యాను గుర్తుకు వేశాడు. ఊళ్లోనే మాటా మాటా పెరిగి, వచ్చేటప్పుడు వేర్వేరు బస్సుల్లో వచ్చారు. ఆ వచ్చే ఆదివారం మా సంఘపెద్ద ఒకాయన మైకులో ప్రార్థన చేస్తూ "ముప్పై వెండి నాణేలకు అమ్ముడుపోయిన సహోదరులను క్షమించు ప్రభువా" అన్నారు, అంటే యేసును అమ్మిన యూదాతో పోల్చారు. చాలామంది ఆమెన్ అన్నారు. అందులో మా తమ్ముడి గొంతు కూడా ఉందని మావారంటారు. ఆ రోజు నుంచి ఆయన చర్చికి రావడం మానేశారు. క్రిస్మస్ కేరల్స్ కూడా రెండు జట్లుగా తిరిగాయి. సంఘం వాట్సాప్ గ్రూపులో వాక్యం కంటే పార్టీల వీడియోలే ఎక్కువ. మావారి ఊరు తుళ్లూరు వైపు, రాజధానికి ఎకరంన్నర ఇచ్చారు. మా అమ్మ తమ్ముడి పిల్లల దగ్గరే ఊళ్లో ఉంటుంది. ఇప్పుడు మా అమ్మాయికి సంబంధం కుదిరింది. వాడు గుమ్మం తొక్కితే నేను లేచి వెళ్లిపోతానంటున్నారు ఈయన. మేనమామ లేకుండా పెళ్లి ఎలా చేయను? ఒకే దేవుణ్ణి నమ్మినవాళ్లం ఓటు దగ్గర ఒక మాట మీద ఎందుకు ఉండలేకపోతున్నాం?

జవాబు:

చెల్లెమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు చెప్పేస్తాను, అది తేలిక. ఓటు దగ్గర మనం ఎప్పుడూ ఒక మాట మీద లేం.

మీ గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల సంగతి చెబుతాను. 1930లో లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం పెడితే భారతీయ క్రైస్తవుల తరఫున వెళ్లినవాళ్లలో సేలం ఆయన కె.టి. పాల్ ఉన్నారు, తంజావూరు వైపు నుంచి ఎ.టి. పన్నీర్‌సెల్వం ఉన్నారు. ఇద్దరిదీ ఒకే ప్రెసిడెన్సీ, ఇద్దరూ క్రైస్తవులే. మనకు వేరే ఓటర్ల జాబితా, వేరే సీట్లు వద్దు, అందరితో కలిసే ఉందామని పాల్ వాదన. పన్నీర్‌సెల్వం మరుసటి ఏడాది ఆగాఖాన్, అంబేడ్కర్‌లతో పాటు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న మైనారిటీల ఒప్పందం మీద సంతకం చేశారు. చివరికి 1935 చట్టంలో మద్రాసు శాసనసభ 215 సీట్లలో 8 మనకిచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1949 మేలో, మతం పేరిట సీట్లు వద్దే వద్దని రాజ్యాంగ సభ సలహా సంఘంలో తీర్మానం పెట్టిందీ క్రైస్తవుడే, బెంగాల్ ఆయన హెచ్.సి. ముఖర్జీ. మద్రాసు లయోలా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన ఫాదర్ జెరోమ్ డిసౌజా కూడా ఆ వైపే నిలిచారు. ఇందులో ఎవరు ముప్పై నాణేలు పుచ్చుకున్నట్టు? ఎవరూ పుచ్చుకోలేదు. జనానికి ఏది మంచిదనే దగ్గర ఇంత దూరం వచ్చింది, అంతే.

కాబట్టి మీ ఇంట్లో రెండు ఓట్లు రెండు వైపులా పడ్డందుకు మీరు బాధపడాల్సిన పని లేదు. నన్నడిగితే మీ ఇంటి జబ్బు ఓటు కాదు, ఆ ప్రార్థన.

ఆ ఆదివారాన్ని ఒక్కసారి మళ్లీ తలుచుకోండి. అందరూ తలలు వంచి కళ్లు మూసుకుని ఉన్నారు. ఒకాయన మైకు పట్టుకుని, పక్క వరసలో కూర్చున్న మనిషి గురించి, ఆ మనిషితో కాకుండా దేవుడితో మాట్లాడారు. ఎదురు మాట చెప్పే వీలు ఉందా? ప్రార్థన మధ్యలో లేచి "అయ్యా, నేను అమ్ముడుపోలేదు" అని ఎవరైనా అనగలరా? అంటే వాడే పిచ్చివాడవుతాడు. ప్రసంగంలో అంటే బయటికొచ్చాక పాస్టర్ గారిని నిలదీయొచ్చు. వాట్సాప్‌లో పెడితే తిరిగి పెట్టొచ్చు. రచ్చబండ మీద తిడితే తిరిగి తిట్టొచ్చు. ప్రార్థనలో తిడితే తిట్టించుకున్నవాడికి మిగిలేది లేచి వెళ్లిపోవడం ఒక్కటే. మీవారు అదే చేశారు. ఆయన చర్చి మానేశారని మీరంటున్నారు గానీ, నా లెక్కలో ఆయనకు ఆ గుమ్మం మూసేసింది ఆ మైకు.

మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలోని వరస మీకు తెలిసిందే. సహోదరుడి మీద ఫిర్యాదు ఉంటే ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మీ సంఘపెద్దగారు ఈ వరసను తిరగేశారు. ముందే సంఘానికి చెప్పేశారు, అదీ దేవుడి పేరు మీద. మీవారి ఇంటికి ఒక్క సాయంత్రం వచ్చి "ఏమయ్యా, ఎందుకలా వేశావు" అని అడిగి ఉంటే జవాబు దొరికేది. రాజధానికి భూమి ఇచ్చిన మనిషి ఎకరంన్నర కోసం ఓటు వేశాడనేది అర్థం చేసుకోవడానికి ఆత్మ వరం అక్కర్లేదు. 2015లో శంకుస్థాపన చూశారు, 2019 డిసెంబర్లో మూడు రాజధానులన్న మాట విన్నారు, ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా ఆ పొలాల్లో తుమ్మచెట్లు మొలవడం చూశారు. ఆ ఓటులో బీజేపీ లేదు, వేదాంతమూ లేదు. ఆ పొలం ఉంది.

అలాగని మీ తమ్ముణ్ణి మూర్ఖుణ్ణి చేసి మాట్లాడను. వాడి భయం ఊరికే వచ్చిన భయం కాదు. 2023 మేలో మొదలైన మణిపూర్ గొడవల్లో కాలిపోయిన చర్చిలను మనందరం ఫోన్లలో చూశాం. ఆ ఏడాది మన తెలుగు సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు ఎన్ని జరిగాయో మీకు నేను చెప్పాలా? 2008 సెప్టెంబర్లో మంగళూరు వైపు చర్చిల మీద దాడులు జరిగినప్పుడు ఇక్కడ బెంగళూరులో కూడా ఆదివారం గేటు దగ్గర ఇద్దరు మగవాళ్లను నిలబెట్టి ఆరాధన చేసుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. కర్ణాటకలో 2022లో మతమార్పిడి నిరోధక చట్టం వచ్చాక ఇళ్లలో కూడికలు పెట్టుకోవడానికి ఎంతమంది జంకారో చూశాను. 2023లో ప్రభుత్వం మారి, ఆ చట్టాన్ని రద్దు చేస్తామని మంత్రివర్గం తీర్మానించింది. ఇవన్నీ చూసిన కుర్రాడికి బీజేపీతో పొత్తు పెట్టుకున్న పార్టీకి ఓటేస్తే ద్రోహమే అనిపించడం సహజం. దానికి తోడు ఊళ్లో మీ అమ్మగారు ఉన్నారు. పిల్లల చదువుకు అమ్మ ఒడి డబ్బు, ఊరి పాస్టర్ గారికి నెలకు ఐదు వేల గౌరవ వేతనం, అన్నీ ఆ ఐదేళ్ల జగన్ గారి పాలనలో మొదలైనవి. వాడి ఓటులో మీ అమ్మ ఉంది.

భూమి ఒకవైపు, అమ్మ ఒకవైపు. ఇవి రెండూ కొట్టుకునే వస్తువులేనా చెప్పండి.

"జగన్ గారు మన విశ్వాసి కాబట్టి మనవాడు" అనే వాదన ఒకటి మీ వాట్సాప్ గ్రూపులో తప్పకుండా తిరుగుతూ ఉంటుంది. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదని చెప్పేస్తాను. 2024లో అదే ఇంటి ఆడబిడ్డ, ఆయన చెల్లెలు షర్మిల గారు కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షురాలై, కడప పార్లమెంటుకు సొంత కుటుంబంవాళ్ల మీదే పోటీ చేశారు. ఆమె కూడా విశ్వాసే. ఆమెకు వేసినవాళ్లు ఏ ఖాతాలోకి వస్తారు? దేవుడి పార్టీ ఏదో తేల్చడానికి కూర్చుంటే ఆ కుటుంబంలోనే తేలలేదు, రామమూర్తి నగర్‌లో తేలుతుందా?

ఇంకొక సంగతి మనలో మనం మాట్లాడుకోం గానీ, ఉంది. ఉమ్మడి ఆంధ్రలో 2011 జనగణన ప్రకారం క్రైస్తవులు రెండు శాతం కూడా లేరు. మన ఆదివారపు జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ లెక్క నమ్మరు. కారణం అందరికీ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు రాలేదు. దాంతో సర్టిఫికెట్‌లో ఒకటి, సంఘంలో ఒకటి. ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురిలో ఒకరికి ఆ కాగితం పోతుందేమోనన్న భయం, ఒకరికి క్రైస్తవులైన ఎస్సీలకు ఇచ్చే బీసీ-సీ కాగితం, ఒకరు రెడ్డి క్యాథలిక్కుల ఇంటి నుంచి వచ్చి మన సంఘంలో చేరినవాళ్లు, ఒకరికి 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ తీర్పు వచ్చాక పక్కింటివాళ్లతోనే పేచీ. నలుగురూ ఒకే కీర్తన పాడతారు. నలుగురి ఓటూ ఒకే చోట పడాలంటే ఎలా పడుతుంది? "క్రైస్తవుల ఓటు" అని పార్టీలవాళ్లు సంచీలో వేసుకుని తిరిగే వస్తువు నిజానికి ఎక్కడా లేదు. మనమే ఉందనుకుని, అది చీలిపోయిందని ఏడుస్తున్నాం.

చట్టం మాట కూడా ఒకటి చెబుతాను, పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని కాదు. దేవుడి కోపానికి గురవుతావని, ఆధ్యాత్మికంగా దండన తప్పదని ఓటరును నమ్మించడం ఎన్నికల్లో నేరమని 1920లోనే శిక్షాస్మృతిలో పెట్టారు, ఇప్పుడున్న న్యాయ సంహితలోనూ అది కొనసాగుతోంది. అభ్యర్థుల విషయంలో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ అదే చెబుతుంది. అంటే నూరేళ్ల క్రితమే ఎవరో ఇలాంటి ప్రార్థన విని ఉంటారు! మీ పెద్దాయన ఓట్లు పడ్డాక ప్రార్థించారు కాబట్టి అది నేరం కిందికి రాదులెండి. మతం పేరుతో ఓటు అడగడం మీద 2017 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు ఏడుగురు జడ్జీలు నలుగురూ ముగ్గురుగా చీలిపోయారు. అక్కడే ఒక మాట మీద లేరు, మీ ఇంట్లో అలకలు ఎందుకు?

ఇక ఏం చేయాలో చెబుతాను.

ఆ పెద్దాయన దగ్గరికి మీరు వెళ్లాలి. మీవారు వెళ్తే గొడవ, మీ తమ్ముడు వెళ్తే ఇంకా గొడవ. ఆడమనిషి వెళ్లి సంఘపెద్దతో మాట్లాడటం మన సంఘాల్లో అంత తేలిక కాదని తెలుసు. అందుకే అమ్మగారిని, అంటే పాస్టర్ గారి భార్యను, వెంటబెట్టుకెళ్లండి. ఆదివారం వద్దు, చర్చిలో అసలే వద్దు. మామూలు రోజు సాయంత్రం, ఆయన ఇంటికి, ఆయన భార్య కాఫీ పెట్టే వేళకు. అక్కడ రాజకీయం ఎత్తకండి, ఎవరు గెలిచారు ఎవరు ఓడారు అనే మాట ఆయన ఎత్తినా అందుకోకండి. ఒకటే చెప్పండి: "అంకుల్, ఆ రోజు మీ ప్రార్థనలో ఉన్నది మా ఆయన. ఆయన విన్నారు. ఆ తర్వాత చర్చికి రాలేదు. మీరు ఒక్కసారి మా ఇంటికి వచ్చి వెళ్లండి." క్షమాపణ అడగమనకండి. పెద్దవాళ్లను క్షమాపణ అడిగితే వాళ్లు దొరికిపోయినట్టు ముడుచుకుంటారు. ఇంటికి రమ్మంటే మాత్రం కాదనడం కష్టం. వస్తే తల తడిమి నాలుగు మాటలు మాట్లాడి వెళ్తారు, మనవాళ్లకు అదే క్షమాపణ. రాకపోతే అప్పుడు రెండో మెట్టు, పాస్టర్ గారు.

పాస్టర్ గారిని ఒకటి అడగండి: పాలకుల కోసం చేసే ప్రార్థనలో పేర్లు, పార్టీలు, గుర్తులు ఉండకూడదని, విజ్ఞాపన ప్రార్థన చేసేవాళ్లకు ముందే చెప్పాలని. వాట్సాప్ గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేస్తే సగం టెన్షన్ ఆ రాత్రికే పోతుంది. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

మీ తమ్ముడి సంగతికి వస్తాను. వాడిని మీరు అడగాల్సింది "ఎందుకు ఫ్యానుకు వేశావు" అని కాదు. "ఆ రోజు ఆమెన్ అన్నావా" అని అడగండి. నా అనుమానం ఏమిటంటే, వాడికి గుర్తు కూడా ఉండకపోవచ్చు. ఆమెన్ అనేది మనకు సగం నమ్మకం, సగం అలవాటు. ప్రార్థన ఆగిందంటే నోట్లోంచి వచ్చేస్తుంది. నేను వినకుండా అన్న ఆమెన్‌లన్నీ ఒక చోట పోగేస్తే చర్చి నిండిపోతుంది. ఒకసారి కానుకలు లెక్కపెడుతూ ప్రకటనలకు కూడా ఆమెన్ అన్నాను, స్త్రీల సమాజం వాళ్లు ఇప్పటికీ ఎత్తిచూపుతారు. మీవారు రెండేళ్లుగా మోస్తున్నది ఆ ఒక్క మాటనే. తమ్ముడు నిజంగానే బావగారిని అనుకుని ఆమెన్ అని ఉంటే, వాడి చేత ఆ మాట చెప్పించండి. అలవాటుగా అని ఉంటే అదీ వాడి నోటితోనే మీవారికి తెలియాలి. మధ్యలో మీరు మోసుకెళ్లకండి. అక్కాచెల్లెళ్లు మోసిన మాటలు చేరేసరికి బరువు పెరుగుతాయి.

మా సంఘంలో ఏం జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. చాలా ఏళ్ల క్రితం ఒక అభ్యర్థి ఎన్నికలకు ముందు మా చర్చికి యాభై ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చాడు. తీసుకోకూడదని నలుగురం అన్నాం, తీసుకుందామని కమిటీ అంది. తీసుకున్నాక చూస్తే ప్రతి కుర్చీ వెనకా ఎర్ర పెయింటుతో ఆయన పేరు. ఆయన ఓడిపోయాడు. గెలిచినవాళ్లకు ఓటేసినవాళ్లు ఆ కుర్చీల్లో మేం కూర్చోం అన్నారు, చాపలు తెచ్చుకుని కింద కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులవాళ్లు మాత్రం పార్టీ చూడకుండా కుర్చీల్లోనే కూర్చున్నారు. పేరు చెరిపేద్దామని ఒకతను థిన్నర్ తెచ్చి రుద్దితే, పేరు పోలేదు, ప్లాస్టిక్ గరుకెక్కి చీరలకు పట్టుకోవడం మొదలైంది. దాని మీద కమిటీ మీటింగ్ రెండు గంటలు జరిగింది. ఎవరూ ఎవరినీ క్షమించుకున్నట్టు నాకు గుర్తు లేదు. కొన్నాళ్లకు ఒక వాన రాత్రి ఒక ఇంట్లో చావు జరిగితే, ఆ కుర్చీలే మోసుకెళ్లి వాళ్ల వాకిట్లో వేశారు. చాపలవాళ్లూ వచ్చి వాటిల్లోనే కూర్చున్నారు. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

మీకు చావు దాకా ఎందుకు, పెళ్లి వచ్చింది. ప్రధానానికి మీ తమ్ముణ్ణి పిలవడానికి మీరు వెళ్లకండి, మీవారిని పంపడానికీ చూడకండి. మీ అమ్మాయిని పంపండి. మేనమామను పిలిచే హక్కు ఆ పిల్లది. "మామయ్యా, నా పెళ్లి చీర నువ్వే తేవాలి" అని ఆ పిల్ల అడిగితే ఏ గుర్తుకు వేసిన మేనమామైనా చిక్‌పేట చీరల కొట్లకు పరిగెత్తాల్సిందే. మీవారితో మాత్రం ముందే చెప్పి ఉంచండి, ఆయనకు తెలియకుండా పిలిచినట్టు ఉండకూడదు. ఆయన లేచి వెళ్లిపోతానంటే వాదించకండి. సొంత కూతురి పెళ్లిలోంచి తండ్రి లేచి వెళ్లడం మాట్లాడుకున్నంత తేలిక కాదని ఆయనకూ తెలుసు.

మూడు ఆదివారాలు మీ చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు కదా. మొదటి ఆదివారం మీవారు రాకపోతే రాకపోనివ్వండి. రెండోది కూడా. ఈలోపు ఆ పెద్దాయన మీ ఇంటికి వచ్చి వెళ్తే మూడో ఆదివారం ఆయనంతట ఆయనే చొక్కా ఇస్త్రీ చేయమంటారేమో. అనకపోయినా ఇస్త్రీ చేసి పెట్టి ఉంచండి.

ఒక చిన్న హెచ్చరిక, అడగకపోయినా చెబుతున్నాను. మీవారికీ, తమ్ముడికీ ఊళ్లో ఓటు ఉండగా ఇక్కడ కూడా ఎవరైనా రాయించి ఉంటే తీయించేయమనండి. రెండు చోట్ల ఓటు ఉండకూడదు, అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు ఉంది. బెంగళూరు తెలుగు ఇళ్లలో ఇది మామూలైపోయింది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ నీళ్లు తాగుతూ, ఇక్కడి రోడ్ల మీద పడుతూ లేస్తూ, ఓటు మాత్రం అక్కడ ఎందుకో నాకు అర్థం కాదు. కానీ ఆ ఓటు అక్కడ ఉంచుకోవడమంటే ఊరు తమదే అనుకోవడం, కాబట్టి దాని మీద నేను గట్టిగా మాట్లాడను.

ప్రధానం తేదీ ఖాయమయ్యాక రాయండి, ప్రార్థన చేస్తాను, పేర్లు లేకుండా. కుర్చీలు తక్కువైతే మాత్రం మా సంఘాన్ని అడగకండి.